గ్రేసమ్మ నమ్మని ముంత

గ్రేసమ్మ వంకాయ కొనాలంటే ముందు దాన్ని చెవి దగ్గర పెట్టుకుని వినేది. లోపల పురుగుంటే కదిలే చప్పుడు తెలుస్తుందని ఆమె ధీమా. ఆ చప్పుడు పల్నాడు మొత్తంలో ఆమె ఒక్కదానికే వినపడేది. గురజాల సంతలో కూరగాయలమ్మే వెంకటరమణమ్మ ఆమెను అల్లంత దూరాన చూడగానే, "వచ్చిందమ్మా వంకాయల డాక్టరు" అని గొణిగి తట్ట మీద గోనె కప్పేది. గోనె కప్పారంటే అడుగున ఏదో దాచినట్టేగా! గ్రేసమ్మ సరిగ్గా ఆ తట్ట దగ్గరే చతికిలబడేది.

ఆమెది గురజాలకు రెండు క్రోసుల దూరంలో ఉన్న మన్నేపాడు. ఊరికి దక్షిణాన క్రైస్తవుల పాలెం, ఆ పాలెంలో నాపరాళ్ళు నిలబెట్టి కట్టిన గోడల మీద జొన్నచొప్ప కప్పు వేసిన ఇల్లు. మిరపకోతలకూ పత్తితీతలకూ కలుపులకూ వెళ్ళే ఆడవాళ్ళ ముఠాకు ఆమే పెద్ద. భర్త ఏలియా నాపరాయి గనిలో పనిచేసి, ఆ దుమ్ము తెచ్చిన దగ్గుతోనే పోయాడు. పాపం, ఆయన ఎవరేం చెప్పినా నమ్మేవాడు. కోటప్పకొండ తిరనాళ్ళలో మూడు చిప్పల్లో దేని కింద బఠాణీ ఉందో చెప్పబోయి, భుజాన ఉన్న కొత్త కంబళి పోగొట్టుకుని నవ్వుతూ ఇంటికొచ్చిన మనిషి. అందుకని ఆ సంసారంలో ఇద్దరి వాటా అనుమానమూ గ్రేసమ్మే పడాల్సి వచ్చింది.

ఆదివారం గుడిలో ప్రార్థన మొదలుపెడితే అందరూ కళ్ళు మూసుకునేవాళ్ళు. గ్రేసమ్మ తల వంచేది గానీ కళ్ళు మూసేది కాదు. "అంతా దేవుడు చూసుకుంటాడు గదా వదినా" అని ఎవరైనా అంటే, "పైన ఆయన చూసుకుంటాడు, కింద చెప్పులు ఎవురు చూసుకుంటారు?" అనేది. అలా అని ఆమెకు భక్తి లేదనుకోవద్దు. భక్తి దేవుడి మీద ఉంది, అనుమానం మనుషుల మీద ఉంది, అంతే.

నవ్వేవాళ్ళు నవ్వారు గానీ ఆ అనుమానం ఊరికే పుట్టుకు రాలేదు. కళ్ళంలో కూలిగింజలు కొలిచేటప్పుడు పాలెంవాళ్ళ వంతు చివరాఖరున వచ్చేది. గట్టిగింజ అంతా ముందువాళ్ళకు పోయాక, అడుగున మిగిలిన తాలూ మట్టీ ఊడ్చి వీళ్ళ ఒడిలో పోసేవాళ్ళు. ఊరబావి దగ్గర కడవ దించి దూరంగా నిలబడితే, ఎవరికైనా దయ పుట్టి పోసినప్పుడే నీళ్ళు. యుద్ధం రోజుల్లో కంట్రోలు కిరసనాయిలు కోసం పొద్దుటి నుంచీ నిలబడితే, వీళ్ళ వంతు వచ్చేసరికి డబ్బా అడుగున మడ్డి మిగిలేది. చివర చెయ్యి పెట్టినవాళ్ళకు మట్టే దొరుకుతుందని గ్రేసమ్మకు ఏ బళ్ళోనూ చెప్పలేదు. ఒళ్ళే చెప్పింది.

ఆమెకు ఉన్నది ఒక్కతే కూతురు, మేరీ. ఆ పిల్ల చేతులు మిరపకాయల మంట ఎరగకూడదన్నది గ్రేసమ్మ బతుకులో ఉన్న ఒకే ఒక్క కోరిక. దానికి దారీ ఒక్కటే ఉంది. ఎనిమిదో తరగతి ప్యాసైన ఆడపిల్లల్లో ఒకరిని, ఏటా ఒక్కరినే, ఆ చుట్టుపక్కల సంఘాల తరఫున నర్సరావుపేటలో టీచరు ట్రెయినింగుకు పంపేవాళ్ళు. తిండీ బసా ఉచితం. చదువు పూర్తయితే పంతులమ్మ ఉద్యోగం. ఆ ఒక్క సీటు మేరీకి రావాలి. రాకపోతే ఆ పిల్ల కూడా కొంగు నడుముకు చుట్టి తల్లి వెనక చేలో దిగాల్సిందే.

యుద్ధం ముగిసిన మరుసటి ఏడు, మేరీ ఎనిమిదిలో ఉండగా, ఒక సాయంత్రం గ్రేసమ్మ పని నుంచి వచ్చేసరికి కూతురు గుమ్మంలో కూర్చుని ఉంది. ఒళ్ళో మట్టిముంత. కళ్ళు మూసుకుని అందులో చెయ్యి పెట్టడం, ఒక చిక్కుడుగింజ తీయడం, చూసి ఏదో గొణుక్కుని మళ్ళీ లోపల వెయ్యడం. గ్రేసమ్మ గుమ్మం ముందే ఆగింది. సోదె చెప్పేవాళ్ళు అలాగే గొణుగుతారు.

"ఏందే అది?"

"లెక్కలమ్మా."

"కళ్ళు మూసుకుని చేసే లెక్కలేందే? నన్ను యెర్రిదాన్ని చెయ్యమాక."

"మూసుకోకపోతే లెక్కే కాదు. ఇందులో మూడు నల్లయి, రెండు తెల్లయి ఉన్నయి. చూడకుండా ఒకటి తీస్తే తెల్లది వచ్చే సంభవం ఎంత? అయిదింట్లో రెండు."

"సంభవమంటే?"

"రావటానికి ఎంత వీలుందో అది."

"అయితే ఇప్పుడు తీస్తే తెల్లది వచ్చిద్దా, రాదా?"

"అది చెప్పలేమమ్మా."

"చెప్పలేని దానికి లెక్కెందుకే?" అని గ్రేసమ్మ ముంత లాక్కుని బోర్లించింది. అడుగు తట్టి చూసింది. గింజల్ని ఒక్కొక్కటే పళ్ళ మధ్య పెట్టి కొరికింది. "వీటిని లోపల ఎవురేశారు?"

"నేనే."

"నువ్వేసి నువ్వే తీస్తే అది లెక్కేంది, దొంగాట! నిన్ను జూదానికి దించింది ఎవురో చెప్పు ముందు."

దించింది ప్రేమకుమారి టీచరు. గుంటూరులో ఇంటర్మీడియట్ చదివి కొత్తగా మిషన్ బడికి వచ్చిన మనిషి. చేతికి గడియారం, మాటకు ముందు చిరునవ్వు. కారణం లేకుండా నవ్వేవాళ్ళంటే గ్రేసమ్మకు మొదటి నుంచీ పడదు. మర్నాడు పనికి వెళ్ళే ముందే బడి వసారా ఎక్కింది.

"టీచరమ్మ గారూ, మా పిల్లకు గింజలాట నేర్పుతున్నారంట?"

"ఆట కాదమ్మా, లెక్కలే. వీళ్ళ పుస్తకంలో లేవు, నేను కాలేజీలో నేర్చుకున్నాను. లెక్కలంటే పిల్లలకు భయం పోతుందని చెప్పాను. మేరీ ఇట్టే పట్టేసింది." టీచరు ఓపిగ్గా గింజలు తెచ్చి బల్ల మీద పోసి, ఏది ఎన్నింట్లో ఎన్ని అవుతుందో వివరించింది. గ్రేసమ్మ అంతా విని, తల ఊపి, చివరికి అసలు ప్రశ్న అడిగింది.

"ఈ ముంత నింపేది ఎవురమ్మా?"

"ఎవరైనా కావచ్చు. లెక్కలో మాత్రం మోసం లేని ముంత అనే అనుకోవాలి."

"అనుకోవాలా!" గ్రేసమ్మ గొంతు లేచింది. "మా తాతలు అనుకున్నారు, మా నాయన అనుకున్నాడు, మా ఆయన అనుకుని కంబళి పోగొట్టుకున్నాడు. ఇంకా ఎంతకాలం అనుకోవాలమ్మా మేం?"

టీచరు నవ్వు మాయమైంది. గింజలు పోగు చేస్తూ, "అందుకేనమ్మా పిల్ల లెక్కలు నేర్చుకోవాల్సింది" అంది. మాట బాగానే ఉంది గానీ, బాగున్న మాట వినగానే గ్రేసమ్మకు ఇంకో అనుమానం పుట్టింది. ఈమె మా పిల్ల మీద ఇంత ప్రేమ ఎందుకు ఒలకబోస్తోంది? పనికి వేళవుతోంది కాబట్టి ఆ సంగతి తర్వాత తేల్చుకోవచ్చని దిగిపోయింది. మేరీ మాత్రం గింజలు వదల్లేదు. తల్లి కంట పడకుండా బడి వసారాలో నాపరాయి మీద కూర్చుని, పాలెంలోనే ఉండే జయరాజు కూతురు ఎస్తేరునూ పక్క ఊరి రాహేలునూ కూడేసుకుని రోజూ సాధన చేసేది.

వేసవి పోయి పరీక్ష ఫలితాలు వచ్చాయి. మేరీ ఫస్టుక్లాసు. ఎస్తేరూ ఫస్టుక్లాసే, రాహేలూ అంతే. ముగ్గురు పిల్లలు, ఒక్క సీటు. ఎవరిని పంపినా మిగతా ఇద్దరి ఇళ్ళవాళ్ళు ఊరుకోరు. పైగా ఎస్తేరు తండ్రి జయరాజు సంఘపెద్ద. పాస్టరు యేసుపాదం గారు రెండు ఆదివారాలు తలపట్టుకుని ఆలోచించి, చివరికి గింజ వేద్దామన్నారు.

గింజ వెయ్యడం ఆ సంఘంలో పాత ఆనవాయితీ. చదువు రానివాళ్ళు ఎక్కువ కాబట్టి కాగితం చీటీలు పనికిరావు. ముంతలో నల్ల గింజలు వేసి ఒక్క తెల్లది కలుపుతారు. వంతుల వారీగా తీస్తారు. తీసినవాళ్ళు చూసుకోకూడదు. పిడికిలి బిగించి గుండెకు ఆనించుకోవాలి. అప్పుడు పాస్టరు ప్రార్థన చేస్తారు. రానివాళ్ళకు కడుపుమంట లేకుండా చూడు తండ్రీ అని ముందే అడిగేసి, ఆమేన్ అన్నాక అందరూ ఒక్కసారే పిడికిళ్ళు విప్పుతారు. పండగ భోజనాలకు వచ్చిన బోధకుడు ఎవరింట్లో దిగాలన్నా అలాగే తేల్చేవాళ్ళు. తేలిన మాటకు తిరుగు లేదు.

ఈ కబురు వినగానే గ్రేసమ్మ పరుగున జయరాజు ఇంటికి వెళ్ళింది. "అన్నా, నువ్వేమన్నా అనుకో, మా పిల్లే ముందు తియ్యాలి."

"అట్టాగే తియ్యనియ్యి" అన్నాడు జయరాజు, నులక మంచం నేస్తూ తల ఎత్తకుండానే.

గ్రేసమ్మ ఇంటికొచ్చింది గానీ ముద్ద దిగలేదు. జయరాజు ఎలాంటి మనిషి! దొడ్డిగోడ తగాదాలో జానెడు నేల కోసం మూడేళ్ళు పోట్లాడినవాడు. అంతటివాడు సీటు సంగతి అడగ్గానే "అట్టాగే" అన్నాడంటే నిప్పు లేనిదే పొగ వస్తుందా? మొదటి వంతులో ఏదో లొసుగు ఉండి ఉండాలి.

"ఏమే మేరీ, మొదట తీస్తే మంచిదా, చివరనా?"

"ఏదైనా ఒకటేనమ్మా. మూడింట్లో ఒకటి."

"మొదటిది తెల్లది పట్టుకుపోతే మూడోదానికి ఏం మిగిలిద్దే, నీ మొహం!"

"పట్టుకుపోతే మిగలదు. పట్టుకుపోకపోతే మూడోదానికి ఇంకా వీలు పెరిగిద్ది గదా. అదీ ఇదీ కలిపి చూస్తే ముగ్గురికీ సమానమే. నువ్వు నమ్మకపోతే రా చూపిస్తా" అని మేరీ తల్లిని బడి వసారాకు తీసుకుపోయింది. నాపరాయి మీద మూడు వరసల్లో బొగ్గు గీతలు. మొదట తీసినవాళ్ళకు తెల్లది వచ్చిన ప్రతిసారీ మొదటి వరసలో గీత, రెండోవాళ్ళకు వస్తే రెండోదానిలో, మూడోవాళ్ళకు వస్తే మూడోదానిలో. ముగ్గురు పిల్లలూ ఎన్నిసార్లు తీశారో గాని రాయంతా నల్లబడింది. మూడు వరసలూ దాదాపు ఒక్క పొడవే ఉన్నాయి.

దాదాపు. గ్రేసమ్మ కళ్ళు ఆ దాదాపు దగ్గరే ఆగిపోయాయి. వంగి వేలితో కొలిచింది.

"మూడో వరస కాస్త పొడుగు!"

"నాలుగు గీతలు ఎక్కువ వచ్చినయిలే. ఇంకా ఆడితే అదీ సర్దుకుంటది."

"సర్దుకోవటమేంది! అందుకేనే జయరాజు మొదటి వంతు మన నెత్తిన రుద్దింది! మూడోదే మంచిదని ఆయనకు ముందే తెలుసు." తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు. వెంటనే వెళ్ళి, తమకు చివరి వంతు కావాలని జయరాజును అడిగింది. ఆయన ఈసారీ తల ఎత్తలేదు. "అట్టాగే కానియ్యి గ్రేసమ్మా. ముందైతే ఏంది, వెనకైతే ఏంది" అన్నాడు. మళ్ళీ అట్టాగే! ఇంటికి వచ్చేలోపు మధ్య వంతు అడిగితే ఎలా ఉంటుందని ఆలోచన మొదలైంది. మేరీ తల బాదుకుంది. చివరికి పాస్టరు గారు కలగజేసుకుని, "మేరీది మూడో వంతు, ఇక మార్పు లేదు" అని ఖాయం చేశారు.

వంతు సంగతి తేలాక పేచీ ముంత మీదికి వచ్చింది. గుడి ముంత వద్దంది గ్రేసమ్మ, అది ఉండేది జయరాజు ఇంట్లో. సరే, నీ ముంతే తెమ్మంటే రాహేలు తండ్రి కృపావరం ఒప్పుకోలేదు. ఆయన పక్క ఊరి నుంచి వచ్చే నిదానస్తుడు, మాట తక్కువ. చివరికి ఏ సంఘానికీ చెందని ముంత కావాలని, ఊళ్ళో అలీ సాహెబు ఇంటికి కబురు పెట్టారు. ఆయన భార్య మెహరున్నీసా పెరుగు తోడుపెట్టే ముంత తోమి పంపించింది. గింజలు గ్రేసమ్మే తన చిక్కుడుపాదు నుంచి ఏరి తెచ్చింది. ఒకే సైజు, ఒకే నునుపు. ఇక ఏ వైపు నుంచీ చీమ దూరే సందు కూడా లేదు. ఉందేమోనని ఆమె ఆ రాత్రంతా వెతుకుతూనే ఉంది.

ఆదివారం గుడి నిండిపోయింది. ఆరాధన అయ్యాక ముంతను బల్ల మీద పెట్టారు. రెండు నల్ల గింజలు, ఒక తెల్లది అందరికీ చూపించి లోపల వేసి కదిపారు. ఎస్తేరు వచ్చి చెయ్యి పెట్టి తీసి, పిడికిలి గుండెకు ఆనించుకుంది. తర్వాత రాహేలు. చివరగా మేరీ మిగిలినది తీసుకుంది. ముగ్గురూ వరసగా నిలబడ్డారు. పాస్టరు గారు చేతులెత్తి ప్రార్థన మొదలుపెట్టారు. ఆయన ప్రార్థన మామూలు రోజుల్లోనే పొడుగు. ఆ రోజు రెండు కుటుంబాల ఓదార్పు కూడా అందులోనే సర్దాలి కాబట్టి ఇంకా సాగింది. జనమంతా కళ్ళు మూసుకున్నారు.

గ్రేసమ్మ కళ్ళు మూతపడలేదు. అందుకే ఆమెకు ఒకటి కనపడింది. ఎస్తేరు వేళ్ళు కొంచెం సందు చేసి పిడికిట్లోకి చూసుకుంది. తర్వాత తల ఎత్తి తండ్రి వైపు చూసింది. జయరాజు కళ్ళు కూడా తెరిచే ఉన్నాయి! ఆ పిల్ల తల అటూ ఇటూ కొంచెంగా కదిలింది. జయరాజు మీసం మీద చెయ్యి వేసి, నేల చూపు చూశాడు.

సైగ! గ్రేసమ్మకు బతుకంతా కళ్ళు మూయకుండా కాపలా కాసింది ఈ ఒక్క క్షణం కోసమే అనిపించింది. దొరికారు దొంగలు.

"ఆపండయ్యగారూ!"

ప్రార్థన మధ్యలో తెగింది. జనం కళ్ళు తెరిచారు. "ఆమేన్ కూడా అననియ్యవా గ్రేసమ్మా?" అన్నారు పాస్టరు గారు.

"ఆ పిల్ల గింజ చూసుకుంది. తండ్రికి సైగ చేసింది. నా రెండు కళ్ళతో చూశా. ముంతలో ఏందో జరిగింది. ఇది చెల్లదు, మళ్ళీ తియ్యాల!"

"అమ్మా, వద్దమ్మా" అంది మేరీ, పిడికిలి అలాగే గుండెకు నొక్కుకుని.

"నువ్వూరుకోవే. నీకేం తెలుసు లోకం!"

"అమ్మా, నీకు దణ్ణం పెడతా, ఊరుకో." గ్రేసమ్మ వినిపించుకోలేదు. వెనక నుంచి ప్రేమకుమారి టీచరు లేచి, "అమ్మా, ముంత మీరు కోరిందే, గింజలు మీవే. ఇక మోసానికి చోటెక్కడుంది?" అంది. చోటెక్కడుందో తెలిస్తే గ్రేసమ్మకు ఇంక అనుమానమెందుకు? తెలియకుండా చేసేదాన్నే కదా మోసం అంటారు!

పాస్టరు గారు మెల్లగా అన్నారు. "ఆలోచించుకో గ్రేసమ్మా. మళ్ళీ తీయిస్తే ఇప్పుడు తీసింది పోయినట్టే."

"పోనియ్యండి."

ఆయన జయరాజును చూశారు, కృపావరాన్ని చూశారు. "ఆమె మనసు కుదుటపడాలంటే అట్టాగే కానియ్యండి" అన్నాడు కృపావరం. జయరాజు తల ఊపాడు.

"అయితే గింజలు ముంతలో వేసెయ్యండమ్మా."

ఎస్తేరు వచ్చి పిడికిలి విప్పింది. నల్లది. ముంతలో టక్కున పడింది. రాహేలు విప్పింది. నల్లది. మేరీ కదల్లేదు. పాస్టరు గారు పేరు పెట్టి పిలిస్తే వచ్చి, ముంత మీద చెయ్యి పెట్టింది. వేళ్ళు ఒక్కొక్కటే విప్పింది. అరచేతిలో తెల్ల గింజ.

నర్సరావుపేట, బడి బల్ల, చేతి గడియారం, మంట ఎరగని చేతులు, అన్నీ ఆ గింజలోనే ఉన్నాయి. ఆ గింజను వెనక్కి వేయిస్తోంది గ్రేసమ్మే.

మొదట మాట్లాడింది జయరాజు. "అయ్యగారూ, ఇంక మళ్ళీ ఎందుకండీ? మా పిల్ల ఆత్రం పట్టలేక సందు చేసి చూసుకుంది. మనకు రాలేదని తల తిప్పింది. తప్పు మాదే. సీటు మేరీకి వచ్చింది, మేరీకే ఇచ్చెయ్యండి."

ఆ మాటకు గ్రేసమ్మ ఆయన కాళ్ళ మీద పడాల్సింది. కానీ ఆ క్షణంలో కూడా, దేవుడా, ఆమె మనసులో లేచిన మొదటి మాట ఇదీ: ఈయన ఇంత మంచివాడు ఎందుకయ్యాడు? ఆ ఒక్క ఊపిరి సేపు ఆమె ఆగిపోయింది. ఆ సందులో కృపావరం ముందుకు వచ్చాడు.

"ఒక్క మాట అడుగుతా వదినా. ఆ తెల్లది మా రాహేలు చేతిలో ఉంటే, మళ్ళీ తియ్యొద్దని నువ్వు అనేదానివా?"

గ్రేసమ్మ నోరు తెరిచింది. అబద్ధం రాలేదు. నిజమూ రాలేదు.

"ఒకసారి చెల్లదన్నాక అందరికీ చెల్లదు" అన్నాడు కృపావరం. కోపంగా అనలేదు. పాస్టరు గారు "న్యాయమే" అన్నారు. మేరీ చెయ్యి వంచింది. తెల్ల గింజ ముంతలో పడింది.

మళ్ళీ అదే వరస. ఎస్తేరు, రాహేలు, మేరీ. మళ్ళీ పిడికిళ్ళు, మళ్ళీ ప్రార్థన. ఈసారి గ్రేసమ్మ కళ్ళు గట్టిగా మూసుకుంది. రెప్పల కింద నుంచి నీళ్ళు కారుతున్నా తెరవలేదు. ఆమేన్ అని అందరూ అన్నాక కూడా చాలాసేపు తెరవలేదు. ఎవరో ఆడమనిషి సంతోషంతో ఏడవడం వినపడింది. ఆ గొంతు రాహేలు తల్లిది.

ఇంటిదారిలో రాత్రి వానకు తడిసిన నల్లరేగడి పాదాలకు పట్టుకుంటోంది. మేరీ ముందు నడుస్తోంది, గ్రేసమ్మ వెనక. పాలెం మొదట్లోకి వచ్చాక గ్రేసమ్మ ఇక ఉండబట్టలేకపోయింది.

"తిట్టవే తల్లీ నన్ను. నాలుగు తిట్లు తిట్టు. అట్టా ఊరుకోమాక."

మేరీ ఆగింది. "నాకు తెలుసమ్మా" అంది.

"ఏందే తెలుసు?"

"తెల్లది నా చేతిలో ఉందని. ప్రార్థన మొదలవగానే నేనూ సందు చేసి చూశా. తప్పే. ఆగలేకపోయా."

గ్రేసమ్మ అక్కడే నిలబడిపోయింది. "తెలిసి కూడా నోరెందుకు తెరవలేదే! పక్కకు పిలిచి నా చెవిలో ఒక్క మాట అని ఉంటే..."

"అంటే నమ్మేదానివా?"

నమ్మేదాన్నేనే అనబోయింది గ్రేసమ్మ. అనబోయి ఆగింది. గుడిలో ఆ సమయానికి కూతురు వచ్చి తెల్లది నా దగ్గరే ఉంది, ఊరుకో అని ఉంటే తను ఏమనేది? ఈ పిల్ల నోట ఈ మాట ఎవరు పెట్టించారు అనేది. జయరాజా, టీచరా అని నిలదీసేది. ఇది ఆమెకు స్పష్టంగా తెలిసింది. ఏ పురుగు చప్పుడూ ఆమె అంత స్పష్టంగా ఎప్పుడూ వినలేదు.

"నమ్మేదాన్ని కాదే" అంది.

మేరీ ఆమె చెయ్యి పట్టుకుని బురదలోంచి గట్టు మీదికి ఎక్కించింది. మర్నాడు పొద్దున్నే పత్తిచేలో కలుపుకు దిగిన ముఠాలో ఒక మనిషి ఎక్కువ ఉంది.